తొలి చేప

కళ్ళలో నీళ్ళు తెప్పించని పొయ్యి మీద కాల్చిన చేపకు రుచి రాదని మా క్యాంపులో ఒక నమ్మకం. దీన్ని పుట్టించింది మా అక్క సీతారావమ్మే అయినా, తుర్విహాళ చుట్టూ కాలవ కింద తెలుగు రైతులు వలసొచ్చి కట్టుకున్న ఆంధ్రా క్యాంపులన్నీ ఎప్పటి నుంచో ఉన్న సామెతలాగా చెప్పుకుంటాయి. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నమ్మకాలను ఎగతాళి చెయ్యడం నా పద్ధతి కాదు, పరీక్షకు నిలబెట్టడం నా పద్ధతి. ఈ ఒక్క నమ్మకాన్ని మాత్రం చాలాకాలం ముట్టుకోలేదు. చేప బాగుండేది.

ముట్టుకోక తప్పని అవసరం పోయినేడాది కార్తీకమాసంలో వచ్చింది.

అక్క భర్తతో గోదావరి జిల్లా నుంచి వచ్చి, కాలవ నీళ్ళు కొత్తగా పారుతున్న ఈ నల్లరేగడిలో వరి వేసిన తరం మనిషి. బావ పోయాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి మెస్సు పెట్టింది. వరి కోత మిషన్లతో పై ఊళ్ళ నుంచి దిగే డ్రైవర్లూ, వడ్ల లారీల వాళ్ళూ అక్కడే తింటారు. అన్నం, పప్పు ఎక్కడైనా దొరుకుతాయి. వాళ్ళు వచ్చేది కొర్రమీను కోసం. చేపకు ఉప్పు, పసుపు, కారం, వాము, చింతపండు గుజ్జు పట్టించి, ఇనప చట్రం మీద పరిచి, పైన రేకు మూత బోర్లించి, సర్కారు తుమ్మ కట్టెల పొగలో మగ్గనిస్తారు. ఆ పొగ దగ్గర అక్క సగం జీవితం నిలబడింది. కళ్ళు మసకబారి, శుక్లాలు ముదిరి, ఆపరేషనుకు ఒప్పుకోక, చివరికి గరిట కోడలు పావని చేతికిచ్చింది. రోడ్డు మీద బోర్డు కూడా మార్పించింది. ఇప్పుడది 'పావని మెస్సు'.

గరిట ఇచ్చింది గాని అజమాయిషీ ఇవ్వలేదు. రోజూ పొయ్యి మీంచి దిగిన తొలి చేప అక్క పళ్ళెంలోకి వెళ్ళాలి. అక్క దాని గురించి ఒక్క మాట అనదు. నచ్చితే వెన్నుముల్లు తప్ప ఏమీ మిగలకుండా, తోక కూడా కరకర నమిలి తింటుంది. నచ్చకపోతే సగం వదిలేసి చెయ్యి కడుక్కుంటుంది. మిగిలింది పిల్లికి. పావని పళ్ళెం తీస్తూ చూసుకుని, దాన్నిబట్టి తర్వాతి వాయిలో ఉప్పో, కట్టెలో, వేళో సవరించుకుంటుంది. పన్నెండేళ్ళుగా అత్తాకోడళ్ళ మధ్య చేప గురించి నడిచిన సంభాషణ అంతా ఆ పళ్ళెం మీదనే నడిచింది.

ఆ కార్తీకంలో రాయచూరులో డాక్టరు పావని చేత గొట్టంలోకి ఊదించి చూసి, కట్టెల పొగ ముందు ఇంకొక కోతకాలం నిలబడితే ఊపిరితిత్తులు మళ్ళీ వెనక్కి రావని చెప్పాడు. విజయకుమార్, అంటే పావని భర్త, నా మేనల్లుడు, ఇంటికి రాగానే ఆ మాట నాకు చెప్పాడు. అంతకుముందే మేము పొయ్యికి పొగగొట్టం పెట్టించి చూశాం. పొగతోపాటు రుచీ పైకిపోయింది. గ్యాసు పొయ్యి పెట్టాం. డ్రైవర్లు చేప అడగడం మానేసి గుడ్లు అడిగారు. మనిషిని పెట్టుకున్నాం, కోతలు మొదలవగానే పొలంలో ఎక్కువ కూలి వస్తుందని వెళ్ళిపోయాడు. ఇక మిగిలినవి రెండే. మెస్సు మూసెయ్యడం, లేదా మనిషి ముఖం మీదికి పొగ వదలని పొగపొయ్యి ఒకటి వెతకడం.

వెతికే బాధ్యత నేను తీసుకున్నాను. నెలంతా చదివి, పావనిని వెంటబెట్టుకుని రాయచూరు బజారులో హోటలు సామాన్లమ్మే అమరేశ్ దుకాణానికి వెళ్ళాను. తాతల నాటి నుంచి రాయచూరులో వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళు. నేను పొగపెట్టెల మూతల సందుల్లో కాగితం ముక్క పెట్టి, ఎంత బిగువుగా లాగాల్సి వస్తుందో చూస్తుంటే అతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంది సారూ, పొయ్యి కొంటరా, పొయ్యికి పరీక్ష పెడ్తరా?"

పెడతానన్నాను. కాగితం సులువుగా వచ్చేస్తే పొగ కూడా సులువుగా వచ్చేస్తుందన్నాను. అతను కుర్చీ తెప్పించాడు.

అక్కడ మూడు రకాలున్నాయి. మూడింటి పనీ ఒకటే. పక్కన ఒక తొట్టి ఉంటుంది. రంపపు పొట్టును ఒత్తి చేసిన కట్టె గుళికలు, దుకాణంవాళ్ళ మాటలో పెల్లెట్లు, అందులో పోస్తారు. తొట్టి అడుగున ఉన్న మర వాటిని కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి నెడుతుంది, చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది, పొగ మూత లోపలే చేప చుట్టూ తిరిగి వెనక గొట్టంలోంచి పోతుంది. అన్నిటికన్నా ఖరీదైనదానికి ముందు అద్దమూ, ఫోనుతో సంబంధమూ ఉన్నాయి. ఇంట్ల కూసోని ఫోన్ల జూస్కోవచ్చు మేడం, చేప ఎంత కాలిందో, అన్నాడు అమరేశ్. నేను చేప పక్కనే ఉంటానండీ, ఫోన్లో చూసేదేముంది, అంది పావని. అన్నిటికన్నా చవకైనదాని మూతను బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి పోయి టప్పున బయటికి వచ్చింది. అంత పల్చటి రేకు వేడిని నిలపదు. పోయిన వేడిని భర్తీ చెయ్యడానికి గుళికలు మండుతూనే ఉండాలి. చవక అక్కడ చెల్లిపోతుంది.

మూడోది మధ్యది. రేకు మందం, మూత బిగువు, వేడి తిప్పుకోవడానికి అద్దమేమీ లేని ఒట్టి మీట. పావని దాని చుట్టూ తిరిగి రెండే ప్రశ్నలు అడిగింది. కరెంటు పోతే నేనేం చెయ్యాలి? ఇందులో ఏదైనా చెడితే ఎవరి దగ్గర దొరుకుతుంది? నెలరోజుల నా చదువంతా ఆ రెండు ప్రశ్నల్లో ఇమిడిపోయింది.

"కరెంటుకు బ్యాటరీ పెట్టుకోండ్రి మేడం, గా ఫ్యానుకు ఎంత కావాలె? మర, ఫ్యాను, గిన్నె నా దుకాణంల ఉంటయి. గా అద్దందానికైతే బెంగళూరుకెల్లి రావాలె, కోతలైపోతయి మీకు." తర్వాత నా వైపు తిరిగి స్వరం తగ్గించాడు. "ఒక్క మాట సారూ. కట్టె పెల్లెట్లే వెయ్యాలె. ఇంకోటేదన్న వేస్తే నా జిమ్మేదారి లేదు."

మధ్యది తీసుకున్నాం. కొనలేదు. కోతలయ్యేదాకా వాడి చూడండి, నచ్చకుంటే చివరి ఆదివారం మా మనుషులొచ్చి తీస్కపోతరు, అన్నాడు.

పెట్టె దిగిన రోజు అక్క గుమ్మంలో కూర్చుని, దాని వాసన చూసి, అందులో ఏం పోస్తారని అడిగింది. గుళికలని చెప్పాను.

"పొలంలో పురుక్కి చల్లేవేనంట్రా? శుభం. తిన్నవాడు డబ్బులడక్కుండా పడి ఉంటాడు."

ఆ తర్వాత ఇంట్లో అందరం పెల్లెట్లనే అన్నాం. కరెంటుతో నడుస్తుందని విని ఇంకొక మాట అంది. యరమరస్ పవర్‌హౌసులో పుట్టిన కరెంటు మన క్యాంపుకి వచ్చేసరికి చచ్చిపోతుంది, దాని మీద చేప పెట్టుకుని కూర్చోండి. పాత పొయ్యిని తియ్యనివ్వలేదు. పొద్దున్నే తడుముకుంటూ వెళ్ళి బూడిద ఎత్తి, కట్టెలు పేర్చి, వెలిగించకుండా వచ్చి కూర్చునేది.

వారం గడిచింది. తక్కువ వేడిలో పొగ ఎక్కువ పుడుతుందని చదివి ఉన్నాను గనక, మొదటి అరగంట మీట తగ్గించి ఉంచమన్నాను. మిషన్ల వాళ్ళు తిన్నారు. ఒకరిద్దరు చేపను తిప్పి చూశారు, ఏమీ అనలేదు. పావని మందు పీల్చుకునే డబ్బా నడుముకు దోపుకోవడం మానేసి, ఇంట్లో గూట్లో పెట్టేసింది. రాత్రుళ్ళు దిండుకు ఆనుకుని కూర్చోకుండా పడుకుంటోందని విజయకుమార్ నాతో చెప్పాడు.

కాని అక్క పళ్ళెంలో రోజూ సగం చేప మిగులుతూనే ఉంది. పావని వాము పెంచింది, చింతపండు తగ్గించింది, వేళ మార్చింది. సగం మిగిలింది. ఆమె పళ్ళెం ఎత్తుతూ ఒక్కోసారి నా వైపు చూసేది. పిల్లి ఒళ్ళు చేసింది.

కోతలు ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో కట్టె పెల్లెట్లు అయిపోయాయి. రావలసిన బస్తాలు దారిలో ఆగిపోతే, వాటికోసం నేను సింధనూరు బస్టాండులో పార్సిలు ఆఫీసు ముందు పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఇక్కడ విజయకుమార్ ఒక పని చేశాడు. రైసుమిల్లు వాళ్ళు బాయిలరు కోసం ఊకను ఒత్తి పెల్లెట్లు చేస్తారు. అక్కడ నుంచి ఒక బస్తా తెచ్చి తొట్టిలో పోశాడు. వాణ్ణి తప్పుపట్టలేను. కాలవ కింద బతికేవాడికి ఊక మీద ఉన్నంత నమ్మకం మరి దేని మీదా ఉండదు. ఊకతో ఇటుకలు కాలుస్తాం, వడ్లు ఉడకబెడతాం, కొట్టంలో పశువుల కింద పరుస్తాం, గుడ్లు దాచుకుంటాం. ఊక పనికిరాని చోటు ఒకటి ఉంటుందని మా వాళ్ళకెవరికీ తోచదు. అమరేశ్ మాట విన్నది నేనూ పావనీ. పావని అప్పుడు కాలవ దగ్గర చేపలవాడితో బేరమాడుతోంది.

ఊకలో ఇసక పాలు ఎక్కువ. ఆ వేడికి బూడిద కరిగి, గాజులాగా ముద్దకట్టి, నిప్పుగిన్నెకున్న గాలి కన్నాలను పూడ్చేసింది. సరిగ్గా మధ్యాహ్నం, మూడు మిషన్ల మనుషులు ఒకేసారి వచ్చి బెంచీల మీద కూర్చున్నాక, పెట్టెలో నిప్పు ఆరిపోయింది.

నేను ఆటోలో బస్తాలేసుకుని వచ్చేసరికి షెడ్డు నిండా పొగ ఉంది. దూరం నుంచే ఆ వాసన తెలిసింది. పేర్చి ఉంచిన పాత పొయ్యిని అక్క వెలిగించమందట, విజయకుమార్ వెలిగించాడట. అక్క చట్రం ముందు నిలబడింది గాని, ఏ చేప కాలిందో, ఏది మాడుతోందో ఆమెకు కనపడలేదు. డ్రైవర్లలో ఒకడు నవ్వాడట. పావని వచ్చి, ఒక్క వాయే కదా అత్తయ్యా, మీరు తప్పుకోండి అని గరిట తీసుకుందట.

నేను చూసేటప్పటికి పావని స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. భుజాలు పైకి లేస్తున్నాయి, గాలి లోపలికి పోవడం లేదు. పెదవుల చుట్టూ రంగు మారింది. డబ్బా ఇంట్లో గూట్లో ఉంది. విజయకుమార్ దానికోసం పరిగెత్తాడు. అప్పుడు అక్క, పావని గొంతులోంచి వస్తున్న ఆ ఈలచప్పుడు ఎటు నుంచి వస్తోందో విని, తడుముకుంటూ గాబు దగ్గరికి పోయి, బిందె ముంచి తెచ్చి, మండుతున్న పొయ్యిలో గుమ్మరించింది. మళ్ళీ వెళ్ళి ఇంకొక బిందె తెచ్చింది. మండే పొయ్యిలో నీళ్ళు పొయ్యడం ఇంటి ఇల్లాలికి అరిష్టమని నాకు చిన్నతనంలో చెప్పింది అక్కే.

డబ్బాతో ఆయాసం తగ్గలేదు. కారులో సింధనూరు బయల్దేరాం. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో ఎదురుగా కోత మిషనును ఎక్కించుకుని ఒక పెద్ద బండి వస్తోంది. రెండు బళ్ళు పట్టే దారి లేదు. విజయకుమార్ హారన్ మీద చెయ్యి తియ్యకుండా, ఎవరివో తెలియని వడ్ల మీదుగా కారు పోనిచ్చాడు. వెనక సీటులో నేను పావని వీపు నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఒకసారి ఏదో అనబోయింది. వద్దన్నాను. ఆసుపత్రిలో ఆక్సిజను పెట్టాక, అనబోయింది ఏమిటో అడిగాను. పొయ్యి మీద చేప ఉండిపోయింది మావయ్యగారూ, అంది.

ఆమె ఇంటికి వచ్చిన సాయంత్రం పంచాయితీ జరిగింది. పెట్టె వెనక్కి పంపించేద్దామన్నాడు విజయకుమార్. కావలసిన రోజున ఆరిపోయే పొయ్యి ఉన్నా లేనట్టే అన్నాడు. నేను నిప్పుగిన్నెలోంచి తీసిన నల్లటి గాజుముద్దను వాడి చేతిలో పెట్టి, ఆరిపోయింది పెట్టె తప్పుతో కాదని వివరించాను. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, కిందపెట్టి, అయితే అసలు మెస్సే మూసేద్దాం అన్నాడు.

"మూసేది లేదు," అంది పావని. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "పెట్టె ఉంటే పెట్టె దగ్గర నిలబడతా. పంపించేస్తే పొయ్యి దగ్గర నిలబడతా. బోర్డు మీద నా పేరుంది."

ఆమె అన్నంత పనీ చేస్తుందని ముగ్గురికీ తెలుసు. చివరికి అక్క నా వైపు తిరిగింది.

"మీ మాటలతో తేలదు. ఒరే శివుడూ, ఊరూరా పరీక్షలు పెట్టొస్తావు గదా, నాకు పెట్టు. ఒకే చేప, సగం నా పొయ్యి మీద, సగం దాని పెట్టెలో. ఏది ఏదో నాకు చెప్పకు. నా నాలుక్కి తేడా తెలిస్తే పొయ్యి ఉంటుంది, పెట్టె పోతుంది. తెలియకపోతే పొయ్యి పడగొట్టుకోండి. మళ్ళీ ఆ ఊసెత్తను."

పావని కళ్ళు నా మీద నిలిచాయి. ఆ కళ్ళలో ఉన్నది నాకు అర్థమైంది. వారం పైగా పళ్ళెంలో సగం చేప మిగిల్చిన నాలుక అది. దానికి తేడా తెలియకపోవడమన్నది జరిగే పని కాదు. కాని పరీక్షను కాదనడం నా వల్ల అయ్యే పని కాదు. అక్కకు అది బాగా తెలుసు.

శనివారం పెట్టాం. మర్నాడు అమరేశ్ మనుషులు వస్తారు. కొర్రమీనును తల నుంచి తోక దాకా నిలువునా రెండుగా చీల్చి, రెండు ముక్కల్లోనూ వెన్నుముల్లు ఉండేలా కోయించాను. మసాలా ఒకే గిన్నెలోది. పావనిని ఇంట్లో కూర్చోబెట్టి తలుపులు వేయించాను. పొయ్యి దగ్గర విజయకుమార్ నిలబడ్డాడు, పెట్టె దగ్గర నేను, కట్టె పెల్లెట్లతో. రెండూ ఒకే వేళకు దించి, ఒకే వేడికి చల్లారనిచ్చి, పళ్ళెంలో నేనే సర్దాను. పొయ్యి మీది ముక్క ఎడమ పక్కన, పెట్టెలోది కుడి పక్కన. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. విజయకుమార్‌ను కూడా బయటికి పంపి, పొగ పోయాకనే అందరినీ షెడ్డులోకి పిలిచాను.

కళ్ళకు గంత కట్టనా అని అక్కను అడిగాను.

"కట్టుకో, నీ సరదా. ఉన్నది కనపడితే గదా, కట్టి దాచడానికి."

కట్టలేదు. పళ్ళెం ఆమె ముందు పెట్టి, ముందు ఎడమ పక్కది, తర్వాత మజ్జిగతో నోరు పుక్కిలించి కుడి పక్కది, కావాలంటే మళ్ళీ మళ్ళీ తినవచ్చని చెప్పాను. అక్క ఎడమ పక్క ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. ఇంకొంచెం తీసుకుంది. పావని తలుపు దగ్గర గోడకు ఆనుకుని, ఊపిరి శబ్దం వినపడకుండా పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విజయకుమార్ నేల చూస్తున్నాడు. అక్క పుక్కిలించింది. కుడి పక్కది తిన్నది. మళ్ళీ పుక్కిలించి ఎడమ పక్కకు వచ్చింది. అక్కడే చాలాసేపు ఉంది. ముల్లు వేళ్ళతో తీసి, అంటుకున్న కండ చప్పరించి, పక్కన పెట్టింది. తోక నమిలింది.

మజ్జిగ గ్లాసు కిందపెట్టి, మూతి తుడుచుకుని, ఎడమ చెయ్యి చాపి కుడి పక్కనున్న ముక్కను చూపించింది.

"ఇదిరా నా పొయ్యిది."

నీకు నమ్మకమేనా అని అడిగాను. పరీక్షలో ఆ ప్రశ్న అడగకూడదు, అయినా అడిగాను.

"నా చేప నాకు తెలియదంట్రా? ఇదే. రాసుకో."

అది పెట్టెలోదని చెప్పాను.

అక్క పళ్ళెం పక్కకి జరిపింది. "అయితే నా నాలుక చచ్చిందన్నమాట," అంది. "సరే. పొయ్యి పడగొట్టండి. బూడిద మాత్రం కరివేపాకు మొక్కకి పొయ్యండి." లేచి, గోడ పట్టుకుని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది.

పావని వచ్చి పళ్ళెం తీసుకుంది. ఎడమ పక్కన ముల్లు తప్ప ఏమీ లేదు. కుడి పక్క ముక్క సగం అలాగే ఉంది. ఆమె దాన్ని చూసింది. నా వైపు చూసింది. మిగిలిన ముక్కను పిల్లికి వేసి, పళ్ళెం కడిగి, బోర్లించింది.

ఆదివారం పొద్దున విజయకుమార్ పాత పొయ్యిని పడగొట్టాడు. మధ్యాహ్నం అమరేశ్ మనుషులు వచ్చి, భోజనం చేసి, ఖాళీ బండితో రాయచూరు వెళ్ళిపోయారు.